సగం నూలు, సగం టెరిలీన్

మా కాలేజీలో బట్టల రసాయనం చెప్పిన మాస్టారు మొన్న మంగళవారం పోయారు. అంతటి మనిషి గురించి నావంటి తేలిక మనిషి కలం పట్టినందుకు మా ఊళ్లో తొండియార్‌పేట నుంచి అంబత్తూరు దాకా సమస్త ప్రజానీకానికీ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. వేడుకున్నాను గనక ఇక రాస్తాను.

ఆయనకు ఎవరి చొక్కా మీదా గౌరవం లేదు. మాట్లాడుతూనే అంచులోంచి ఓ పోగు లాగి, అగ్గిపుల్ల గీసి ముట్టించేవారు. కాగితం కాలిన వాసనొస్తే నూలు. నల్లటి గుండులా ముద్దకడితే టెరిలీన్. "గుడ్డ అబద్ధం చెప్తాదిరా, పొగ చెప్పదు" అనేవారు. ప్రిన్సిపాల్ గారి కొత్త సఫారీకి కూడా ఈ పరీక్ష తప్పలేదు.

రెడీమేడ్ కంపెనీలు పారేసే కలగలుపు పీలికలతో గట్టి పలకలు చెయ్యాలని ఆయన పట్టుదల. వేడి ప్రెస్సులో టెరిలీన్ కరిగి జిగురవుతుంది, నూలు నారలా నిలబడుతుంది. పాళ్లు కుదరాలి, అంతే. ప్రతి మూటలోంచీ పోగులు తీసి కాల్చి, ఏది ఎంతుందో నోటుబుక్కులో రాయడం మా వంతు.

ఓ రోజు అంబత్తూరు నుంచి ఒక ఫ్యాక్టరీ యజమాని చూడ్డానికొచ్చాడు. పలక విరిగితే ఈ పలకలు చేసే మా షెడ్డు సైకిల్ స్టాండు అవుతుందని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు. రెండు ఇటుకల మీద పలక పెట్టి, మాస్టారు చెప్పులు విడిచి ఎక్కి నిలబడ్డారు. పలక కిర్రుమంది. వంగలేదు. ఇలాంటివే ఇంకో పది చేసి చూపించమని యజమాని గడువిచ్చి వెళ్లాడు.

ఒక్కటీ నిలబడలేదు. నోటుబుక్కులో ఉన్న పాళ్లే, అదే వేడి, అదే ప్రెస్సు. ఎక్కిన ప్రతిసారీ మాస్టారి కాళ్ల కింద ఫట్‌మనేది. గడువు దాటింది, షెడ్డులోకి సైకిళ్లొచ్చాయి. రిటైరయ్యాక కూడా ఆయన ఆదివారాలు ఊరి చివర మనలిలో తెలిసినవాళ్ల వర్క్‌షాపుకు పోయి ప్రయత్నిస్తూనే ఉన్నారు.

కనబడినప్పుడల్లా ఒకటే అడిగేవారు.

"సెరి అబ్బయా, ఆ పొద్దు నిలిచిన పలక మూట చూసింది నువ్వే గదా? సరిగ్గానే రాసినావా?"

"కాల్చి చూసే రాశాను సార్."

"అట్లయితే తప్పు నాదేరా. ఇంకోసారి చూస్తా."

అందరి చొక్కాలూ పరీక్షించిన మనిషి నా మాటను మాత్రం ఏనాడూ పరీక్షించలేదు.

మంగళవారం వాళ్లింటికి వెళ్లాను. వరండాలో రెండు ఇటుకల మీద విరగని ఆ మొదటి పలకే, దాని మీద వచ్చినవాళ్ల కోసం నిండు నీళ్ల బిందె. ఆ మూట నా చేతికిచ్చిన రోజు, మ్యాట్నీకి వేళవుతోందని నేను ఒక్క పోగూ కాల్చలేదు. సగం నూలు, సగం టెరిలీన్ అని నోటికొచ్చింది రాసేసి పోయాను. అందులో నిజంగా ఏముందో ఇక ఎవరికీ తెలియదు. బిందె కింద పలక మాత్రం ఇంకా వంగలేదు.