నడిచే కారు ధర

మా చిన్నల్లుడు పాత కారు అమ్ముకుందామని హన్మకొండ తీసుకుపోయి, డీలరు చెప్పిన ధర విని మొహం మాడ్చుకుని తిరిగి వచ్చాడు. "కొన్న ధరలో పావు వంతు కూడా రాదట మామా, బండి ఎంత బాగున్నదో చూడనే లేదు" అని ఒకటే గోల. చూడకపోవడమేమిటి, నా మొహం! బండిని బాగానే చూసి ఉంటాడు. దానికంటే బాగా మా అల్లుణ్ని చూసి ఉంటాడు. అమ్మకపోతే గడవదని ఆ మొహం మీద రాసి ఉంటే ధర ఎందుకు పెంచుతాడు? ఈ సంగతి నేను దొర కారు నడిపిన రోజుల్లో, జనగామ తాలూకా అంతా దొరల మీద సంఘం లేచిన కాలంలో నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పే మొహం లేక చెప్పలేదు.

మాది దేవరుప్పుల పక్కన చిన్న ఊరు. ఊరి దొరకు కోటలాంటి గడి, ఆ గడిలో ఒక కారు ఉండేది. పైన గుడ్డ టాపు, పక్కన నిలబడడానికి చెక్క మెట్లు. నేను దానికి డ్రైవరును. జీతం పేరుకే. రెండు పూటలా గడిలో తిండి, ఏడాదికి రెండు జతల బట్టలు. ఆ మాత్రానికే ఊళ్లో నా అంతటివాడు లేడని నాకు పొగరు. నేల మీద నడిచేవాణ్ని కాదు.

పెద్ద యుద్ధం రోజుల్లో ఆ కారు బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది దొరకలేదు. ముందు నుంచి తిప్పి స్టార్టు చేసే హ్యాండిలుకు పళ్లు అరిగి జారేది. ఒకసారి వెనక్కి తన్ని నా మణికట్టు విరగ్గొట్టింది కూడా. ఇక మిగిలింది నెట్టడమే. ఎడ్లను కట్టి లాగిస్తే కారు కదులుతుంది కానీ ఇంజను అందుకోదు, దానికి పరుగు కావాలి. అందుకని దొర ఊరి ఇళ్లకు వంతులు పెట్టాడు. ఆయన ఎక్కడికి బయలుదేరినా ఆ రోజు వంతు వచ్చిన ఇళ్లవాళ్లు చేలో పని వదిలి వచ్చి కారు నెట్టాలి. కూలి లేదు, వెట్టి. నేను లోపల కూర్చుని "ఇంకా, ఇంకా" అని అరిచేవాణ్ని. ఇంజను అందుకోగానే వాళ్ల మొహాన ఇంత పొగ కొట్టి వెళ్లిపోయేవాళ్లం. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ నెట్టుడు ఆపించింది మా అన్న. నా తోడబుట్టినవాడే. సంఘంలో చేరిన కొత్తలో, ఒక పొద్దున వంతుకు వచ్చినవాళ్లతో గుసగుసగా ఒక్క మాట చెప్పాడు: "చేతులు పెట్టుండ్రి, బలం పెట్టకుండ్రి." పదిహేను మంది కారు వెనక వంగారు, చేతులు ఆనించారు, పళ్లు బిగించి మూలిగారు. కారు అంగుళం కదలలేదు. దొర మనుషులు కర్రలతో వీపులు వాయగొట్టారు. అయినా కదలలేదు. ఆ సాయంత్రం ఇంట్లో నేను అన్న మీద ఎగిరి పడ్డాను. "నా నోట్లె మన్ను కొడుతున్నవే" అన్నాను. అన్న నవ్వాడు. "కొట్టి చేతులు పెట్టియ్యచ్చు తమ్మీ. కొట్టి బలం పెట్టియ్యరాదు" అన్నాడు. కొన్నాళ్లకు ఊరంతా ఎదురు తిరిగి, దొర పైకప్పున్న కచ్చడం బండిలో దాక్కుని హైదరాబాదు పారిపోయాడు. కారు గడి కొట్టంలోనే ఉండిపోయింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. నేను ఊరికే ఉండలేక ఇంజనుకు నూనె పోసి తుడుస్తూ ఉండేవాణ్ని.

తర్వాత ఢిల్లీ సర్కారు సైన్యం వచ్చింది. మిలటరీ లారీల వెనకే దొరలూ వచ్చారు. అన్న అడవిలో తలదాచుకుని, జ్వరం ముదిరి ఇంటికి వచ్చిన రోజే దొరికిపోయాడు. జనగామ క్యాంపులో పెట్టారు. ఆ క్యాంపు నుంచి కొందరు పెద్దల మాట మీద, జామీను మీద బయటికి వచ్చేవారు. కొందరిని లారీ ఎక్కించి భూపాలపల్లి అడవి వైపు తీసుకుపోయేవారు. లారీ తిరిగి వచ్చేది, వాళ్లు వచ్చేవారు కాదు. ఈ సంగతి మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

మా వదినె మూడు రోజులకొకసారి సద్ది మూట పట్టుకుని జనగామ నడిచి పోయేది. ఒకసారి చూడనిచ్చేవారు, రెండుసార్లు తరిమేవారు. మహబూబాబాదులో, అంటే మా అందరి నోళ్లలో మానుకోటలో, ఒక వకీలు జామీను పెట్టించి ఇద్దరిని విడిపించాడని ఎవరో చెప్పారు. కాళ్ల కడియాలు అమ్మి ఆయన దగ్గరికి పోవాలని ఆమె నిశ్చయం చేసుకుంది. "తెల్లారి పోత తమ్మీ, జర రైలు దాక తోడు రా" అంది. కారు బేరం సరిగ్గా ఆ రోజే వచ్చింది.

దొర ఇక హైదరాబాదులోనే ఉండి, పంటలప్పుడే ఊరికి వద్దామనుకున్నాడు. కారు అమ్మాలి. కానీ అప్పుడు తాలూకాలోని దొరలందరూ తమ కార్లను ఒక్కసారే బజారులో పెట్టారు. కొనేదెవడు? పెట్రోలుకు రేషను. ఆ దారుల్లో కారులో పోవడమంటే నేనిక్కడున్నాను, కాల్చమని చెప్పుకోవడమే. మానుకోట నుంచి ఒక సేటు మాత్రం కొంటున్నాడు. పాత కార్ల వెనక భాగం కోసేసి, పలకలు బిగించి, చిన్న లారీలుగా చేసి భూపాలపల్లి అడవిలో కలప కంట్రాక్టర్లకు అమ్మేవాడు.

ఆ రోజు వచ్చిన సేటు బక్కగా ఉంటాడు, చూపు మాత్రం సూదిలా ఉంటుంది. టైర్లను బొటనవేలితో నొక్కాడు. రేడియేటరు మూత తీసి లోపల నూనె తెట్టె ఉందేమో చూశాడు. స్టీరింగు ఇటూ అటూ ఊపాడు. తలుపు చెక్కకు చెదలు పట్టిందని గోటితో గీరి చూపించాడు. సీట్లో కోడి ఈక ఒకటి తీసి దొర ముందు పట్టుకుని, "దీని ధర కూడ కట్టాల్నా దొరా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వితే దొర చంపుతాడు.

"నడిపి చూపియ్యుండ్రి" అన్నాడు సేటు.

దొర వెంట వచ్చిన పోలీసులు ఊరి మీద పడి దొరికిన వాళ్లందరినీ తోలుకొచ్చారు. ఇరవై మంది దాకా ఉన్నారు. వంగారు, చేతులు ఆనించారు, మూలిగారు. లాఠీలు పడ్డాయి. కారు కదలలేదు. నేను స్టీరింగు ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

సేటు చేతులు దులుపుకున్నాడు. "నడిస్తే పన్నెండు వందలు. నడవకుంటే ఇది బండి కాదు, నాలుగు టైర్లు. మూడు వందలిచ్చి అవ్వి ఇప్పుకపోత. పొద్దుగూకె దాక ఉంట, మీ ఇష్టం" అన్నాడు.

దొర నన్ను కొట్టం వెనక్కి పిలిచాడు. గొంతు మెత్తగా ఉంది. ఆయన గొంతు మెత్తబడితే నాకు ఎప్పుడూ భయమే.

"ఏందిరా, ఊరంత మీ వదినె మాట ఇంటదట గద. పోయి చెప్పు. బండి నడిస్తె నేను క్యాంపుల ఒక్క మాట చెప్త. మీ అన్న ఇంటికొస్తడు."

నేను పరుగెత్తాను. వదినె ఇంట్లో కడియాలు విప్పడానికి కాలికి నూనె రాసుకుంటోంది. చెప్పాను.

"నిజంగ అన్నడా?"

"నీ మీద ఒట్టు వదినె. నోటితోని అన్నడు."

"మీ అన్న నూకొద్దన్న బండి గది. నేను పోయి నూకుండ్రని చెప్పాల్నా?" అని నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆయనకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యడు."

ఆమే లేచి కొంగు బిగించింది. "రానియ్యకుంటె మానె. బతికొచ్చి రానియ్యకుంటె గదే సాలు" అంది.

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. వీపులు వాచి పడుకున్నవాళ్లను లేపింది. ఎవరూ కాదనలేదు. మా ఇంటి పక్క ముసలాయన మాత్రం, "ఆయన పెట్టొద్దన్న బలం ఆయన కోసానికే పెడుతున్నం బిడ్డా. తప్పయితే ఆయన్నే వచ్చి కొట్టుమను" అన్నాడు. పొద్దున వచ్చినవాళ్లు ఇరవై మంది, ఇప్పుడు పోలీసులు తోలకుండానే యాభై మంది వచ్చారు. ఆడవాళ్లు కూడా వంగారు. వదినె కుడి వైపు మెట్టు పట్టుకుంది. నేను "ఇంకా" అని అరవలేదు. అరవాల్సిన పని లేదు. నేను క్లచ్చి వదిలేసరికే కారు ఎడ్లబండి పరుగును దాటింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. వాళ్లందరూ కేక పెట్టారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నిజం చెప్తున్నాను, నా జన్మలో అంత సంతోషం ఎరగను.

ఊరు రెండు చుట్లు తిప్పి గడి ముందు ఆపాను, ఇంజను ఆర్పకుండా. సేటు ఎడ్ల బేరంలాగా తన తువ్వాలు దొర చేతి మీద కప్పి, లోపల వేళ్లు పట్టుకుని బేరమాడాడు. పన్నెండు వందలకు నూరు కలిపాడు. ఆ వెంటనే కారెక్కి, తన వెంట తెచ్చుకున్న డ్రైవరుతో మానుకోట దారి పట్టాడు.

నేను దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "దొరా, మా అన్న సంగతి."

దొర మీసం దువ్వుకున్నాడు. కోపంగా కూడా లేడు. "పొద్దున లాఠీలకు కదలంది ఇప్పుడు ఎట్ల ఉరికింది? వాడు క్యాంపుల ఉన్నడనే గద వీళ్లు నూకింది. వాణ్ని తెచ్చి ఊళ్లె పెడితె రేపు నా పొలానికి ఎవడొస్తడురా? ఉండని. ఆడనే ఉంటె నాకు పనికొస్తడు."

"మీరు మాటిచ్చిండ్రు దొరా, మీ బాంచెను" అని కాళ్ల మీద పడ్డాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకుని లోపలికి పోయాడు.

గడి వాకిలి దాటితే, నెట్టినవాళ్లందరూ అక్కడే నేల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఇంటికి పోలేదు. ఒకడి అరచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది, దానికి వదినె కొంగు చింపి కట్టు కడుతోంది. నన్ను చూసి అందరూ లేచారు.

"ఏమన్నడు తమ్మీ?"

ఆ మొహాలకు నిజం చెప్పలేకపోయాను. తెల్లవారి మళ్లీ దొర కాళ్లు పట్టుకుంటాను, ఎట్లాగో ఒప్పిస్తాను, అప్పుడు ఈ అబద్ధం నిజమైపోతుంది అనుకున్నాను. వెధవ ఆలోచన. "చెప్తనన్నడు" అన్నాను.

అందరూ ఊపిరి వదిలారు. ముసలాయన నా తల నిమిరాడు. వదినె అక్కడే కూలబడి ఏడ్చింది. మర్నాడు ఆమె మానుకోట పోలేదు. ఇక ఎందుకు పోతుంది?

ఆ పొద్దునే గడి నుంచి పనికి రమ్మని పిలుపు వచ్చింది. సంఘం వచ్చాక ఆ పిలుపుకు ఊళ్లో ఎవరూ కదిలింది లేదు. ఆ రోజు అందరూ కదిలారు. దొర మాట నిలబెట్టుకోవాలంటే ఆయన మనసు చెడగొట్టకూడదని వాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు. గడ్డి కోశారు, గోడలకు సున్నం కొట్టారు, బావి పూడిక తీశారు. నేను రోజూ పొద్దున దొర ముందు నిలబడేవాణ్ని. ఆయన రోజూ "చూద్దాం పోరా" అనేవాడు. రోజూ నేను బయటికి వచ్చి "రేపో మాపో" అనేవాణ్ని. అబద్ధం ఒక్కసారి ఆడాక ఆపడం నా చేత కాలేదు.

తొమ్మిదో రోజు జనగామ క్యాంపు నుంచి జామీను మీద వచ్చిన పక్క ఊరతను ఒకడు గడి వాకిట్లోకి వచ్చాడు. వదినె అప్పుడు వాకిలి అలుకుతోంది. అతను నిలబడే చెప్పాడు. "అక్కా, మొన్న బేస్తవారం ముగ్గురిని లారీ ఎక్కిచ్చిండ్రు. భూపాలపల్లి అడివి దిక్కు. మీ ఆయన గూడ అండ్ల ఉన్నడు. లారీ ఒక్కటే తిరిగొచ్చింది."

పనిలో ఉన్న ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. వదినె ఏడవలేదు. పేడ చేతులతోనే లేచి నేనున్న చోటికి వచ్చింది.

"ఆ దినం దొర నిజంగ ఏమన్నడు తమ్మీ?"

చెప్పాను. ఒక్క మాట కూడా దాచకుండా, ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"గా మాట నువ్వు ఆ దినమే చెప్తె, నేను తెల్లారి వకీలు తానకు పోయేదాన్ని గద" అంది.

తిట్టలేదు. మన్ను తీసి నా మొహాన కొట్టలేదు. అలికే వాకిలి సగంలో వదిలి, పేడ చేతులతోనే గడి దాటి వెళ్లిపోయింది.