ప్రభువు మీదుగా మాట్లాడుకున్నాం

మా అక్కయ్యా నేనూ కొన్నేళ్ళపాటు దేవుడి మీదుగానే మాట్లాడుకున్నాం. అక్కయ్యంటే తోడబుట్టింది కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. కొత్తపేటకు దగ్గర్లోనే మా ఊరు. ఆవిడ ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. ఒకప్పుడు ఆ గోడ మీంచి కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. తర్వాత మా మొహాలు కూడా అటు తిరగడం మానేశాయి.

గొడవెందుకొచ్చిందో చెప్పకపోతే మీకు తోచదు కాబట్టి చెబుతున్నాను. మా కతోలిక గుళ్ళో మాత పండుగకి మరియమాత స్వరూపానికి చీర కడతారు. ఏడాదికొక కుటుంబం ఆ చీర ఇస్తుంది. మా వంతు వచ్చిన ఏడు నేను పనిగట్టుకుని ఉప్పాడ వెళ్ళి నీలం జరీచీర తెచ్చాను. పళ్ళెంలో పెట్టి గుడిమెట్ల మీద ఫాదర్‌గారికి అందించబోతుంటే మా అక్కయ్య అంచు పట్టుకుని చూసి, "ఇది నువ్వు కట్టి పక్కన పెట్టిందే కదే?" అంది. నలుగురిలో. మాతకి కట్టి విడిచిన చీర ఇచ్చే మనిషినా నేను? నేను కట్టలేదు. ఇంటికి తెచ్చాక మడత విప్పి, భుజం మీద వేసుకుని, అద్దంలో ఒకసారి చూసుకున్నాను. దాన్ని కట్టడం అంటారా? మీరే చెప్పండి.

ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. గుడి మాత్రం ఆగదు కదా. ఆదివారం పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోమని ఫాదర్‌గారు అనగానే అందరూ చుట్టుపక్కలవాళ్ళకి దణ్ణం పెట్టుకుంటారు. మా ఇద్దరికీ ఎప్పట్నించో ఒకే బెంచీ. ముందొచ్చానని ఆవిడా, పాత చోటని నేనూ, ఎవరం లేవం. నేను ముందువరసకి పెట్టేదాన్ని, వెనకవరసకి పెట్టేదాన్ని, ఆఖరికి తబలా వాయించేవాడికి కూడా దణ్ణం పెట్టేదాన్ని గాని ఎడంపక్కకి తిరిగేదాన్ని కాదు. ఆవిడ కుడిపక్కకి తిరిగేది కాదు. మా మొగుళ్ళు మాత్రం పూజవగానే మాంసం తెస్తామని కలిసి వెళ్ళి, గంటన్నరకి వచ్చి, దుకాణం దగ్గర రద్దీగా ఉందని చెప్పేవారు. అన్నదమ్ములిద్దరూ టీకొట్లో కూచుంటున్నారని మాకు తెలీదనుకునేవారు, పాపం.

మా గుడివాళ్ళకి వారం ఊరికే గడవదు. మంగళవారం పునీత అంతోనివారి ప్రార్థన, గురువారం ఆరాధన, ఆదివారం పూజ, పూజయ్యాక ఏదో ఒక కమిటీ. అన్నిటిలోకీ నాకిష్టం శనివారం సాయంత్రం జపమాల. ఆ రోజు చిన్న మాత స్వరూపం ఒక ఇంటినుంచి పక్కింటికి వెళుతుంది. వారమంతా ఉంచుకున్న ఇంటి ఇల్లాలు స్వయంగా మోసుకొచ్చి, కొత్త ఇంటి గుమ్మంలో అక్కడి ఇల్లాలి చేతిలో పెట్టాలి. అదీ పద్ధతి. టీ, బిస్కట్లు తప్ప ఇంకేమీ పెట్టకూడదని ఫాదర్‌గారు గట్టిగా చెప్పారు. అందుకే ఎవరూ టీ, బిస్కట్లకి తక్కువ పెట్టరు. పక్కన పుణుగులో, కొబ్బరి లౌజో, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలో ఉంటాయి. అవి బిస్కట్ల లెక్కలోకే వస్తాయి.

జపమాల చెప్పించేది ఉపదేశిగారు. పెద్దాయన. ఫాదర్‌గారు లేనప్పుడు మా అందరికీ దిక్కు ఆయనే. శనివారం వచ్చిందంటే వాడపల్లి వెంకన్నబాబు గుడికి వెళ్ళే కార్లతో రోడ్డు నిండిపోయి ఆయన స్కూటరు కదిలేది కాదు. ఆ ఆలస్యమంతా ఆయన మా జపమాలలో సర్దేసేవారు. ఒక్కో జపాన్నీ ఆయన సగం చెప్పేసరికి మేం మిగతా సగం అందుకోవాలి, మేం పూర్తిచేసేలోగా ఆయన తర్వాతదానిలో సగానికి వచ్చేసేవారు. ముసలమ్మలు ఆయాసపడేవారు.

జపమాల తర్వాత విన్నపాలు. ఎవరి మనసులో మాట వాళ్ళు పైకి చెప్పి, ఆఖర్న "ప్రభువును ప్రార్థించుదము" అంటారు. ఆ మాట చెవిన పడిందా, అందరూ ఒక్క గొంతుతో "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అలవాటైన నోళ్ళు. ముందు ఏం చెప్పారో సగంమంది వినరు. ఈ సదుపాయాన్ని మొదట వాడుకున్నది మా అక్కయ్యే. నేను కాదు.

ఒక శనివారం ఆవిడ కళ్ళు మూసుకుని, ఎంతో భక్తిగా, కొబ్బరిమట్టలు పక్కవాళ్ళ దొడ్లో పడుతున్నా పట్టించుకోనివారికి మంచి బుద్ధి దయచేయమని ప్రభువును ప్రార్థించుదము అంది. ఆలకించండి అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. సగం అన్నాక గాని ఆ చెట్టు మాదేనని తట్టలేదు. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ శనివారం దాకా ఆగి, తెల్లారకుండా సెల్‌ఫోన్లో పాటలు పెట్టి చుట్టుపక్కల ఎవరినీ పడుకోనివ్వనివారి మనసు మార్చమని నేను వేడుకున్నాను. ఆలకించండి అని అందరికంటే గట్టిగా అన్నది ఆవిడే. అలవాటు అలాంటిది.

పోనుపోను అది పోట్లాటకే కాదు, అవసరాలకీ పనికొచ్చింది. రెండిళ్ళకీ ఒకటే బోరు. మోటారు బాగుచేసేవాడు సోమవారం వస్తాడని, నీళ్ళు కావలసినవారు ఆదివారమే పట్టుకునే వివేకం కలిగి ఉండాలని ఆవిడ ప్రార్థించింది. మరిదిగారి, అంటే మా ఆయన, షుగరు సంగతి తెలిసీ సున్నుండలు పంపే పెద్దమనసుగలవారిని దీవించి, ఇకమీదట పంపకుండా చూడమని నేను ప్రార్థించాను. ఒక ఆదివారం ఫాదర్‌గారు ప్రసంగం మధ్యలో ఆగి, విన్నపాలు దేవుడికి చేసుకోవాలి గాని పొరుగువారికి కాదన్నారు. గుడంతా మా బెంచీ వైపు తిరిగింది. మేమిద్దరం తల పైకెత్తి ఫ్యాను చూశాం.

ఇలా నవ్వులాటగానే జరిగిపోయేది, పోయిన వానాకాలంలో మా అక్కయ్య మెడలో గడ్డ కనబడకపోయి ఉంటే. మాంసం దుకాణం నుంచి వచ్చిన మా ఆయన సంచీ బల్ల మీద పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా చెప్పాడు. రాజమండ్రిలో డాక్టరుగారు థైరాయిడ్ గడ్డ అన్నారట. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి, తీసి పరీక్ష చేస్తే గాని మంచిదో చెడ్డదో చెప్పలేం, ఆలస్యం చెయ్యొద్దు అన్నారట. అక్కయ్య ఒకసారి వాయిదా వేసేసింది కూడా. కారణం ఏమిటంటే ఆడవాళ్ళ వార్డులో పక్కన ఆడమనిషే ఉండాలి. ఆవిడకి ఆడపిల్లలు లేరు. ఇద్దరూ మగపిల్లలు, పెళ్ళిళ్ళు కాలేదు. కాన్వెంటు సిస్టర్లు ఎవరినైనా పంపిస్తామన్నారట గాని, వాళ్ళు పొద్దస్తమానం జపం చేయిస్తారని ఆవిడ ఒప్పుకోలేదు.

మా ఆయన ఇదంతా చెప్పి నా మొహం చూశాడు. ఆవిడ అడిగితే ఈ క్షణమే బయల్దేరతానన్నాను. తనంతట తను వస్తానంటే రావచ్చని ఆవిడ అందట. అంటే నేను వెళ్ళి, మీ ఆసుపత్రికి నన్ను తీసుకెళ్ళండి మహాప్రభో అని బతిమాలాలన్నమాట. బాగానే ఉంది. కోపంతో ఆ రోజు కూర మాడ్చేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం, ఆ గడ్డ చెడ్డదైతేనో అన్న ఆలోచన వదల్లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు చేప పులుసు నేర్పింది ఆవిడే. మా పెద్దాడి పురుడప్పుడు నా పక్కన కూచుంది ఆవిడే. అయినా పొద్దున్న లేచేసరికి నా పంతం నాకంటే ముందు లేచి కూచుంది.

ఆపరేషన్ మళ్ళీ సోమవారానికి పెట్టారు. దానికి ముందు శుక్రవారం సాయంత్రం బావగారు మా గుమ్మంలోకి వచ్చారు. ఆయన ఎంత మర్యాదస్తుడంటే, కుర్చీ వేసినా అంచు మీదే కూచుంటారు. "నేను ఆవిణ్ణి బలవంతపెట్టలేనమ్మా, నిన్నూ అడగలేను," అన్నారు. "సోమవారం కూడా రాకపోతే ఇంకెక్కడికైనా తీసుకెళ్ళిపొమ్మనేసేరు డాక్టరుగారు. అది నీ చెవినేసి వెళ్దామని వచ్చేను." ఆయ్ అండీ బావగారూ అన్నాను. ఆయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు శనివారం. ఆ వారం మాత స్వరూపం ఉన్నది అక్కయ్య ఇంట్లో. రావలసింది మా ఇంటికి. ఎవరైనా రాసిపెట్టినా ఇంత బాగా కుదరదు. పొద్దుటినుంచీ ఇల్లు కడిగాను, పొట్టిక్కలు వేశాను, కొత్త దుప్పటి పరిచాను. సాయంత్రం అందరూ పాట పాడుకుంటూ గేటు దాటి వచ్చారు. ముందు అక్కయ్య, రెండు చేతులా మాతను పట్టుకుని. మెడచుట్టూ పమిట బిగించి చుట్టుకుంది. చిక్కిపోయింది. స్వరూపం నా చేతిలో పెడుతుంటే ఆవిడ వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. చల్లగా ఉన్నాయి. మాతను లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద నిలబెట్టాను.

ఉపదేశిగారు అలవాటు ప్రకారం పరిగెత్తించారు. జపమాలలో మాతను తెచ్చిన ఇల్లాలు చెప్పాల్సిన పది పూసల దగ్గర అక్కయ్య గొంతు బొంగురుపోయి రెండు ముక్కలకే ఆగిపోయింది. పక్కావిడ అందుకుని పూర్తిచేసింది. ఇక విన్నపాలు. ఇంటి ఇల్లాలిని కదా, మొదటి విన్నపం నాదే. చెప్పాలనుకున్నది ఒకటి, నా నోటినుంచి వచ్చింది ఇంకొకటి. ఇంట్లో మనుషులుండగా నోరు తెరిచి ఒక్క మాట అడగలేని మొండివారి మనసు కరిగించమని ప్రభువును ప్రార్థించుదము అన్నాను. ఆలకించండి అన్నారంతా. తర్వాత ఎవరో వానల కోసం, ఎవరో మనవడి పరీక్షల కోసం ప్రార్థించారు. నాకేమీ వినబడలేదు. నేను అక్కయ్యనే చూస్తున్నాను.

ఆవిడ వంతు వచ్చింది. ఇప్పుడు నాకు దెబ్బకి దెబ్బ వస్తుందని సిద్ధంగా ఉన్నాను. వస్తే బావుండునని కూడా ఉంది, తిట్టే ఓపిక ఉందంటే బతికే ఓపిక ఉన్నట్టే కదా. ఉపదేశిగారు గడియారం చూసుకున్నారు. అప్పుడు కళ్ళు మూసుకునే, ఆ బొంగురు గొంతుతో అంది.

"ప్రభువా, నాకు భయంగా ఉంది. ఒక్కదాన్నీ వెళ్ళలేను."

అంతే. చివర్లో అనాల్సిన ప్రార్థించుదము అనలేదు. అది అనందే మావాళ్ళకి జవాబు చెప్పడం రాదు. అందరూ నోళ్ళు సగం తెరిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆగిపోయారు. ఉపదేశిగారికే ఏం చెయ్యాలో తోచలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది, నాకు రెండూ కలిసే వస్తాయి.

"ఆ ముక్క నాతో చెప్పడానికి నీకేం రోగం అక్కయ్యా?" అన్నాను. "సోమవారం నేనొస్తాను. నువ్వు ఇంటికొచ్చేదాకా నీ పక్కనే ఉంటాను. తెల్లారేసరికి తయారై ఉండు."

నా మాట ఎక్కడో ఒకచోట ఆగింది కదా. మావాళ్ళకి అది చాలు. ఇంటినిండా ఉన్న జనం ఒక్క గొంతుతో, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అన్నారు. అందులో అందరికంటే వెనకబడి, బొంగురుగా, అక్కయ్య గొంతు కూడా ఉంది.

గడ్డ తీశారు. కొన్నాళ్ళకి వచ్చిన కాగితంలో భయపడాల్సిందేమీ లేదని ఉంది. అయితే ఆపరేషనయ్యాక గొంతుకి విశ్రాంతి ఇవ్వాలని, మాట్లాడొద్దని డాక్టరుగారు కచ్చితంగా చెప్పారు. ఇన్నేళ్ళకి మాటలు కలిస్తే ఆవిడకి మాట్లాడే యోగం లేదు. అందుకని ఆ వార్డులో ఇద్దరి వాటా నేనే మాట్లాడాను. ఊళ్ళో ఎవరెవరు ఏమేం చేశారో, ఆవిడ మీద నాకు ఎప్పుడెప్పుడు ఎంతెంత కోపం వచ్చిందో, అన్నీ. పక్కమంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది. నర్సమ్మ రెండుసార్లు వచ్చి, రోగిని పడుకోనివ్వండమ్మా అని కసిరింది. నేను నోరు మూసుకున్నప్పుడల్లా మా అక్కయ్య దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి పెట్టి, ఇంకా చెప్పమని నన్ను గిల్లింది.