బండి దిగని భాస్కర్ గారు

ముందే చెప్పేస్తున్నాను, ఉదయభాస్కర్ అంటే నాకు పెద్దగా పడదు. ఒకే ఊరివాళ్లం, ఒకే బళ్లో చదివాం, నాకంటే మూడేళ్లు చిన్న. నేను ఆ బళ్లోనే మాస్టారుగా చేరి రిటైరయ్యాను. అతను ఫైనాన్స్ పెట్టి, చివరికి మా గరువులంకకు సర్పంచ్ అయ్యాడు. ఇద్దరిలో ఎవరు బాగుపడ్డారో మా ఆవిడ రోజుకోసారి గుర్తుచేస్తూనే ఉంటుంది.

మొదట్లో అతనికి ఉన్నదల్లా ఒక సైకిల్. లంక తోటల్లో అరటి గెలలు కట్టుకుని తెల్లారేసరికి రావులపాలెం మార్కెట్‌కు చేర్చేవాడు. అక్కడి చిల్లర వ్యాపారులకు పొద్దున పెట్టుబడి కావాలి, సాయంత్రానికి సరుకు అమ్ముడుపోతుంది. ఆ కిటుకు పట్టాడు. ఐదు వందలతో మొదలుపెట్టి, పదేళ్లు తిరిగేసరికి ఊరంతటికీ రోజువారీ ఫైనాన్స్ ఇచ్చే స్థితికి వచ్చాడు. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. బ్యాంకువాళ్లు సవాలక్ష కాగితాలు అడిగేచోట, ఇతను ఇల్లెక్కడ అని మాత్రమే అడిగేవాడు.

వసూలుకు పొద్దున ఏడింటికి బయలుదేరేవాడు. ఇంటి ముందు మోటార్‌సైకిల్ ఆపి ఒక్కసారి హారన్ కొడతాడు. ఒక కాలు కింద పెడతాడు గానీ బండి దిగడు. ఇంట్లోవాళ్లే వంద తెచ్చి చేతికివ్వాలి. కార్డు మీద టిక్కు పెట్టి ముందుకు పోతాడు. ఎవరింట్లోనూ కూర్చోడు, మంచినీళ్లు కూడా ముట్టడు. తుపానుకు లేచిపోయిన రేకులు మళ్లీ వేయించడానికి నేనూ ఆ కార్డు పుచ్చుకున్నవాణ్ణే, దాచుకోవడం దేనికి? మండుటెండలో మా ఆవిడ మజ్జిగ తెచ్చిస్తే "వద్దండి వదినగారూ" అని చెయ్యి అడ్డంపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటయ్యా భాస్కరూ, మా మజ్జిగలో విషం కలిపామా?"

"అబ్బే, అదేం లేదండి మాస్టారూ" అని నవ్వాడు. "ఒకరింట్లో తాగామంటే మొహమాటం వచ్చేస్తుందండి. రేపు రండి, ఎల్లుండి రండి అంటే ఇక కాదనలేం. మొహమాటపడితే ఈ వ్యాపారం సాగదండి."

గట్టివాడే అనుకున్నాను. ఆ నియమం ముప్పయ్యేళ్లు తప్పలేదు.

అలాంటి మనిషికి రాజకీయం ఎందుకయ్యా అంటే, మా బడి వార్షికోత్సవం వల్ల. ఆరు ఫ్యాన్లు ఇచ్చాడు. రెక్కల మీద పేరు కూడా రాయించాం. తీరా మైకులో మా కొత్త టీచరు దుర్గాశ్రీ "ఫైనాన్స్ భాస్కర్ గారిని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం" అనేసింది. పిల్లలు కిసుక్కుమన్నారు. అతని మొహం మాడిపోయింది. వారం తిరక్కుండా సర్పంచ్‌గా నిలబడుతున్నానని కబురు పంపాడు. డబ్బుకు లోటు లేదు. జనం తనను ఇంట్లోకి రమ్మనాలి, గౌరవంగా పిలవాలి, అదీ అతని ఆశ.

ప్రచారం మొదటి రోజే నవ్వులపాలైంది. అలవాటు కొద్దీ బండి మీద బయలుదేరాడు. ఆ చప్పుడుకే సగం తలుపులు మూసుకున్నాయి. తీసి ఉన్నది అచ్చాయమ్మ ఇల్లు. అతను బండి మీద నుంచే రెండు చేతులూ జోడించాడు. ఆవిడ ఆ చేతుల్లో వంద నోటు కుక్కి, "ఇవాళ్టిది ఇదిగో బాబూ, నిన్నటిది రేపిస్తాను" అని లోపలికి పోయింది.

ప్రచారం చూసుకునే రమేష్ బాబు తల పట్టుకున్నాడు. "ఇలాగైతే డిపాజిట్ కూడా దక్కదండి. బండి ఇంట్లో పెట్టేయండి. ప్రతి ఇంట్లోకీ వెళ్లి కూర్చోండి. ఏమిస్తే అది తాగండి" అన్నాడు.

అంతే! ముప్పయ్యేళ్ల నియమం ఒక్కపూటలో గాలికి పోయింది. పక్కన మాస్టారుంటే బాగుంటుందని నన్నూ లాక్కెళ్లారు. మా వీధిలోనే తొమ్మిది కాఫీలు తాగాడు మహానుభావుడు. పైగా మా ఆవిడ మజ్జిగ తాగి "అమృతమండి వదినగారూ" అన్నాడు. పదో ఇంటికి వెళ్లేసరికి కడుపులో తిప్పి అరుగు మీద కూలబడ్డాడు. నాకు లోలోపల భలే సంతోషం వేసింది.

మూడో రోజు చర్చి పేటకు వెళ్లాం. మూడు వందల ఓట్లు, గెలుపోటములు తేలేది అక్కడే. మొదటి ఇల్లు ఏసమ్మది. కూలికి వెళ్తుంది, భర్త ఎజ్రా పోయి ఆరేళ్లయింది. కుర్చీలు కొంగుతో తుడిచి వేసింది. భాస్కర్ కూర్చుని, పాఠం ఒప్పజెప్పినట్టు, "కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా ఏసమ్మా" అన్నాడు.

ఆవిడ కదల్లేదు.

"మీరు మా ఇళ్లల్లో నీళ్లు తాగరు గదండీ" అంది, ఉన్నమాట చెప్పినట్టు.

"అయ్యో, నేను ఎవరింట్లోనూ తాగనమ్మా! మొన్నటిదాకా మాస్టారింట్లో కూడా తాగలేదు. కావాలంటే అడుగు."

"మాకెలా తెలుస్తదండి? మాస్టారి గుమ్మంలో మేం ఉండం గదా. మా అత్త బతికున్నప్పుడు ఓసారి గ్లాసుతో నీళ్లు తెచ్చి నిలబడింది. మీరు చెయ్యి అడ్డంపెట్టి బండి పోనిచ్చేశారు. ఆ గ్లాసు పట్టుకుని అలా ఉండిపోయిందండి పాపం. మా కులం చూసి తాగట్లేదనుకున్నాం. పేటంతా అదే అనుకుంటదండి."

మా గుమ్మం ముందు వ్యాపారంలో మెలకువ అనిపించింది, ఈ గుమ్మం ముందు అంటరానితనం అయింది. ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకీ సంగతి ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడివ్వమ్మా, తాగుతాను" అన్నాడు భాస్కర్.

"ఇప్పుడొద్దండి. ఓటు కోసం తాగినట్టుంటది. ఓటు వేస్తాంలెండి, సిమెంటు రోడ్డు వేయిస్తానన్నారు గదా. నీళ్లు మాత్రం ఎలక్షన్ అయ్యాక రండి, ఇస్తాను."

నలభై ఒక్క ఓట్లతో గెలిచాడు. పేట లేకపోతే గెలిచేవాడే కాదు. అందరూ సర్పంచ్ గారూ అని పిలవడం మొదలుపెట్టారు. పేటకు రోడ్డు కూడా అన్నిటికంటే ముందే వేయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పని చూడటానికి వచ్చేవాడు గానీ, ఏసమ్మ ఇంటికి నాలుగిళ్ల ఇవతలే ఆగిపోయేవాడు. నాలుగు నెలలు చూసి కడిగేశాను.

"ఏమయ్యా, ఓట్లు కావాల్సొచ్చాయి గానీ నీళ్లు అక్కర్లేదా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనండి మాస్టారూ? పొమ్మంటే?"

వంద రూపాయల కోసం ఎవరి గుమ్మం ముందైనా హారన్ కొట్టిన మనిషి, గ్లాసుడు నీళ్లు అడగడానికి హడలిపోతున్నాడు. మొదటిసారి అతని మీద జాలేసింది.

ఐదో నెలలో ఒక ఆదివారం, చర్చి విడిచాక, నన్ను తోడు తీసుకుని నడిచి వెళ్లాడు. ఏసమ్మ ఏమీ అడగలేదు. స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చిచ్చింది. గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. అప్పుడు ఎదురుగా గడప మీద కూర్చుంది.

"మా ఆయన పోయిన మర్నాడు మీరొచ్చి హారన్ కొట్టారు. గుర్తుందాండి?"

"ఉందమ్మా."

"చుట్టాలు చేతిలో పెట్టిన డబ్బుల్లోంచి వంద తీసిచ్చాను. కోపం లేదండి, కట్టాల్సిందే గదా. కానీ ఆ రోజు మీరు ఇలా లోపలికొచ్చి నీళ్లు తాగుంటే, ఆయన పేరున పెట్టే ఆదరణ కూడిక ప్రార్థన అయ్యేదాకా ఆగమని అడుగుదును. బండి మీదున్న మనిషిని ఏమని అడుగుతామండి? అడిగినా ఆగేవారు కాదేమోలెండి."

భాస్కర్ గ్లాసు కింద పెట్టి, దణ్ణం పెట్టి లేచాడు. ఇద్దరం కాలవ గట్టు మీదుగా వెనక్కి నడిచాం. వంతెన మీదకు వచ్చాక ఆగిపోయాడు.

"ఆగేవాణ్ణి కాదనుకుంటోందండి ఆవిడ" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఆగేవాణ్ణే మాస్టారూ. ఇంటి ముందు టెంటు చూడగానే నాకు తెలిసిపోయింది, లోపలికెళ్తే ఆగిపోతానని. అందుకే బండి దిగలేదండి."