రంగూన్ నుంచి మాధవరానికి నలభై గౌన్లు

మా కమల పోయిన రెండేళ్ళకి రంగూన్‌లో మా వీధి ఆడవాళ్ళం కలిసి నలభై గౌన్లు కుట్టాం. వాటిని నేను ఓడ మీద మద్రాసు తీసుకెళ్ళి, అక్కడి అనాథ పిల్లలకి ఇచ్చి వచ్చాను. అలాగే గుడ్డలో సబ్బులో పట్టుకెళ్దామని ఇంకో ఇద్దరు ముగ్గురు అనుకుంటున్నారు. ఎలా వెళ్ళావు, ఎంతయింది, ఎవరిని కలవాలి అని అడుగుతున్నారు. అందరికీ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కమల మాకు ఒక్కతే కూతురు. ఆరో ఏట, తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. ఆ తర్వాత కుట్టుమిషను మీద గుడ్డ కప్పి మళ్ళీ తియ్యలేదు. మా ఆయన అక్క రత్నమ్మ వదిన మద్రాసు సౌకార్‌పేటలో ఉంటుంది. ఆవిడ ఒక ఉత్తరంలో ఊరికే రాసింది, మాధవరం దగ్గర ఆడపిల్లల శరణాలయం ఉంది, ఇరవై ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఒంటి మీద ఒక గౌను, దండెం మీద ఒక గౌను, అంతే వాళ్ళ బట్టలు అని. వాన పడితే దండెం మీది గౌను ఆరదు కదా, అప్పుడేం కట్టుకుంటారు అని నాకు అదే ఆలోచన పట్టుకుంది. మర్నాడు మిషను మీది గుడ్డ తీశాను. మా ఆయన పనిచేసే బియ్యం మిల్లు పక్కన బట్టల కొట్టాయన రెండు తానులు ఇచ్చాడు, ఒకటి నీలం గళ్ళది, ఒకటి ఎర్రపువ్వుల చీటీ గుడ్డ. వీధిలో వాళ్ళు సబ్బులు, తువ్వాళ్ళు ఇచ్చారు. ఎనిమిది మంది మా వరండాలో కూర్చుని మధ్యాహ్నాలు కుట్టారు. కత్తిరించడం మాత్రం నేనే.

నాకు అంగుళాల టేపు చదవడం రాదు. మా అత్తగారు నేర్పినట్టు దారంతో కొలుస్తాను. దారం కొస భుజం మీద పెట్టి, మోకాలి దగ్గర ఒక ముడి వేస్తే పొడవు వచ్చేస్తుంది, వెడల్పు జానలతో చూసుకుంటాను. పిల్లలకైతే ఏటా ఉగాదికి అదే దారంలో ఇంకో ముడి వేస్తాం. పెరిగే పిల్ల కాబట్టి చివర మూరెడు దారం ఖాళీగా వదిలి ఉంచుతాం. కమల దారం ఎర్రది. రెండో ఏటి నుంచి ఆరో ఏటి దాకా అయిదు ముళ్ళున్నాయి దానికి. గుడ్డ పరిచి కత్తెర పట్టుకుంటే నా చెయ్యి ఆ దారం మీదికే పోయింది.

ఓడ ప్రయాణం గురించి రెండు మాటలు. డెక్కు టిక్కెట్టు వాళ్ళు చాప, మరచెంబు, నాలుగు రోజులకి సరిపడా అటుకులు పెట్టుకోవాలి. మశూచి టీకా వేసిన కాగితం అడుగుతారు. మళ్ళీ బర్మా తిరిగి రావాలనుకునే వాళ్ళు తిరుగు పర్మిట్టు బయల్దేరక ముందే రాయించుకోవాలి. నేను మా పక్కింటి వాళ్ళ కుటుంబంతో కలిసి వెళ్ళాను, ఆడది ఒంటరిగా వెళ్ళడం కష్టం. మద్రాసు హార్బరులో సుంకం గుమాస్తా నా మూట విప్పించి, గౌన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి చూసి, అన్నీ ఒకటే సైజు ఉన్నాయి, అంగడిలో అమ్మడానికా అని అడిగాడు. వదిన ముందే పంపిన శరణాలయం వాళ్ళ ఉత్తరం చూపించాను. ఇంగ్లీషులో ఉందది. చదివి వదిలేశాడు. అలాంటి ఉత్తరం తప్పకుండా దగ్గర ఉంచుకోండి. ఆయన అన్న మాట మాత్రం చెవిన పడింది కానీ నా తలకెక్కలేదు.

ఓడ దిగిన మూడో రోజు పొద్దున ఏడింటికి వదినా నేనూ బయల్దేరాం. మూటలతో బస్సు కష్టమని వదిన తనకు తెలిసిన జట్కా గోవిందుని మాట్లాడింది. పోను రాను, అక్కడ నిలబడినందుకు కలిపి నాలుగు రూపాయలు. వదిన ఎక్కగానే బండి వెనక్కి ఒరిగి, గుర్రం ముందుకాళ్ళు పైకి లేచినంత పనయింది.

"ముందుకి జరగమ్మా, గుర్రం కాళ్ళు నేలకి ఆనాల గదా" అన్నాడు గోవిందు.

"దానికి రెండు పూటలా గడ్డి ఎయ్యి, అదే ఆనతాది" అంది వదిన, జరగకుండానే. ముప్పై ఏళ్ళుగా మద్రాసులో ఉండి ఆవిడ మాట పూర్తిగా ఆ ఊరి మాట అయిపోయింది. చివరికి మూటలు ముందుకి నెట్టి, నేను గోవిందు వీపుకి ఆనుకుని కూర్చుంటే బండి సరిపడింది.

మొదట జార్జి టౌన్‌లో మగపిల్లల శరణాలయానికి వెళ్ళాం. దగ్గరే కానీ తోపుడుబండ్ల మధ్య ఇరుక్కుని అరగంట పట్టింది. ఎనిమిది దాటితే సరుకు బండ్లు సందులన్నీ నింపేస్తాయట, ఇంకా ముందే వెళ్ళాల్సింది. అక్కడ తువ్వాళ్ళు, సబ్బులు ఇచ్చాం. పిల్లలు సబ్బు చేతికి రాగానే ముక్కు దగ్గర పెట్టుకున్నారు, ఒక్కడూ కాగితం చింపలేదు. వంటాయన మజ్జిగ ఇచ్చి, ఈ వాసన పోకూడదని వీళ్ళు వారం దాకా స్నానం చెయ్యరు చూడండమ్మా అని నవ్వాడు. తువ్వాళ్ళు మనిషికొకటి సరిగ్గా వచ్చాయి. నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇంత తేలికా ఈ పని అనుకున్నాను.

అక్కడి నుంచి వ్యాసర్‌పాడి, పెరంబూరు మీదుగా మాధవరం చేరేసరికి పదకొండు కావొచ్చింది. పెరంబూరు దాటాక ఇళ్ళు పలచబడి, గాలిలో పచ్చిగడ్డి వాసన వచ్చింది. మద్రాసు ఊళ్ళోని పశువులని కొత్తగా పెట్టిన పాల కాలనీకి తోలుకొస్తున్నారని గోవిందు చెప్పాడు. శరణాలయం పెంకుటిల్లు, చుట్టూ కంచె, ముందు వేపచెట్టు. పిల్లలు తలకి నూనె రాసుకుని, జడలు బిగించి, అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు. రంగూన్ నుంచి కొత్త గౌన్లు వస్తున్నాయని వాళ్ళకి వారం నుంచి తెలుసు.

అక్కడ కుట్టు నేర్పే ఆవిడ పేరు ఎస్తేరమ్మ. యాభై ఏళ్ళుంటాయి, భర్త పోయాక పద్దెనిమిదేళ్ళుగా ఆ పిల్లలతోనే ఉంటోంది. ఆవిడే మూట విప్పింది. ఒక గౌను ఎత్తి చూసి, కుట్టు బాగుందని మెచ్చుకుంది. రెండోది ఎత్తింది. మూడోది తీసి మొదటి దాని మీద పెట్టింది. అప్పుడు అరుగు మీది పిల్లల కేసి చూసింది. నేనూ చూశాను. మూడేళ్ళ పిల్లలున్నారు, పన్నెండేళ్ళ పిల్లలున్నారు. ఉత్తరంలో ఇరవై ఆరుగురు అని చదివినప్పటి నుంచీ నా కళ్ళకి ఇరవై ఆరుగురూ ఒక్క ఎత్తులోనే కనబడుతూ వచ్చారు.

"ఏమ్మా, ఇన్నీ ఒక పాపకే కుట్టినట్టుండాదే?" అంది ఎస్తేరమ్మ.

ఉన్నవి రెండు తానులే కదా అని వదిన ఏదో సర్దబోయింది. నేను వదిన చెయ్యి పట్టుకుని ఆపాను. "అవునమ్మా, ఒక పాపకే" అన్నాను. ఎవరి కొలతో, ఎప్పుడు పోయిందో కూడా చెప్పాను. చెబుతుంటే నాకు ఇంకో సంగతి తెలిసింది. మా వరండాలో కుట్టిన ఎనిమిది మందీ పిల్లలున్న వాళ్ళే. వాళ్ళకి మొదటి రోజే తెలిసి ఉంటుంది. నా చేతిలో ఎర్రదారం చూసి ఎవరికీ నోరు రాలేదు, అంతే.

ఎస్తేరమ్మ అయ్యో అనలేదు. ఆ పాప కొలత చూపించమంది. జాకెట్టులోంచి దారం తీసి ఇచ్చాను. ఒక్కొక్క ముడీ వేలితో తడిమి తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"ఏడుగురికి సరిపోతాయి. తక్కినోళ్ళకి సరిపోవాలంటే విప్పి కత్తెర పెట్టాల. నువ్వు వద్దంటే పెట్టను. పెట్టెలో దాచి, ఆరేళ్ళ పిల్లలు వచ్చినప్పుడంతా ఇస్తా. అదీ తప్పు కాదు. నువ్వు చెప్పు."

నేను అరుగు చివరికి వెళ్ళి కూర్చున్నాను. ఏడుగురు పిల్లలు గౌన్లు తొడుక్కుని వచ్చారు. వాళ్ళని చూడటం ఎలా ఉంటుందో నేను రాయలేను. అన్నీ సరిగ్గా మోకాలి దగ్గర ఆగాయి. కత్తెర పెడితే తక్కినవి ఇక కమల గౌన్లు కావు. పెట్టకపోతే పందొమ్మిది మంది పిల్లలు తలకి నూనె రాసుకుని కూర్చున్నది ఊరికే. రెండూ నాకు తెలుస్తూనే ఉన్నాయి. అయినా లేవలేకపోయాను.

ఇంతలో దేవకి అనే పిల్ల, పదకొండేళ్ళది, ఎర్రపువ్వుల గౌను ఒకటి తీసుకుని ఒంటికి ఆనించుకుంది. నడుం కిందికి కాస్త వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల ముఖం మార్చుకోలేదు. గౌనుని చేతులు లోపలికి పెట్టి చక్కగా మడిచి, మూట మీద పెట్టి, నా దగ్గరకొచ్చింది.

"రంగు బాగుందమ్మా. చిన్నోళ్ళకి ఇచ్చేయండి, నాకు పోయినేటిది ఉండాది" అంది. నన్ను ఓదార్చడానికే అంది. అంత అలవాటుగా మడిచి పెట్టిన చేతులు చూశాక నేను లేచి ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్ళి కత్తెర అడిగాను. మొదటి గౌను నేనే విప్పాను, మా వరండాలో నేను కుట్టిందే.

ఆ తర్వాత వాళ్ళు చేసిన పని చూడాలి. ఉన్నది చేత్తో తిప్పే మిషను ఒక్కటే. పెద్దపిల్లలు నలుగురు చాప మీద కూర్చుని, కత్తెర అవసరం లేని చోట ఒక్క పోగు కూడా తెంపకుండా కుట్లు లాగేశారు. లాగిన దారం కూడా పారెయ్యలేదు, పుల్లకి చుట్టారు. పెద్దపిల్ల గౌనుకి చిన్న గౌన్లు రెండు పట్టాయి. ఒకదాని పక్కలు విప్పి, రెండో దాని గుడ్డ మధ్యలో పట్టీగా వేసి వెడల్పు చేసి, మిగిలిన గుడ్డని కింద కుచ్చుగా కలిపారు. నీలం గళ్ళకి ఎర్రపువ్వుల కుచ్చు. నేను ఇన్నేళ్ళు కుట్టినా నాకెప్పుడూ తోచలేదు అది. చిన్నపిల్లలవి మాత్రం ఎస్తేరమ్మ కొయ్యనివ్వలేదు. లోపలికి మడిచి పొడుగు కుట్లు వేయించింది, వచ్చే ఏడు విప్పుకోవచ్చని. ఎంత మడవాలని పిల్లలు అడిగితే నా చేతిలో దారం ఉంది కదా. మూడేళ్ళ దానికి కమల మూడో ఏటి ముడి, నాలుగేళ్ళ దానికి నాలుగో ఏటి ముడి పెట్టి చూపించాను. వేలెడు ఇటూ అటూ తేడాతో అందరికీ సరిపోయాయి.

మధ్యలో అన్నం గంట కొట్టారు. పిల్లలు తిన్నాక మాకు సాంబారు అన్నం, వంకాయ కూర పెట్టారు. వదిన కూర రెండుసార్లు వేయించుకుంది. గోవిందు లోపలికి తొంగిచూసి, గుర్రం ఇంకా ఆకలిగానే ఉండాదమ్మా అని వదినని చూసి అన్నాడు. పిల్లలంతా నవ్వారు.

దేవకి వంతు వచ్చేసరికి మూడయింది. ఎస్తేరమ్మ టేపు తీయబోయి ఆగి, నా వైపు చూసింది. నేను దేవకి భుజం మీద దారం కొస పెట్టాను. అయిదు ముళ్ళూ ఆ పిల్ల వీపు మీదుగా దిగాయి. ఆరో ఏటి ముడి నడుం కిందే ఆగింది. అక్కడి నుంచి ఖాళీ దారం. నేను రెండేళ్ళుగా ఆ ఖాళీ దారాన్ని తాకలేదు. మోకాలి దాకా లాగి పట్టుకుంటే అది జానెడు పైన అయింది. అక్కడ ముడి వేశాను.

నాలుగున్నరకి పెద్దపిల్లలవి ఆరు అయ్యాయి, దేవకిది అందులో ఉంది. మిగతావి నాలుగు రోజుల్లో అయిపోతాయన్నారు. అందరికీ పోను మూడు గౌన్లు మిగిలాయి. వాటిని ఎస్తేరమ్మ విప్పకుండా పెట్టెలో పెట్టింది. ఆరేళ్ళ పిల్ల ఎవరో ఒకరు వస్తూనే ఉంటుందమ్మా అంది. చీకటి పడక ముందే సౌకార్‌పేట చేరాం.

ఆ రోజు గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నేను వాళ్ళకి ఏదో ఇచ్చి వద్దామని వెళ్ళాను. తప్పు కొలతతో వెళ్ళిన దాన్ని, ఒక్క మాట అనకుండా కూర్చోబెట్టి, నా తప్పులోంచే ఇరవై ఆరు గౌన్లు తీశారు. దానికి ఎంత ఓర్పు కావాలో, ఎంత పనితనం కావాలో మిషను తొక్కేవాళ్ళకి తెలుస్తుంది. కమల ముళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. దేవకి ముడి వాటికి అవతల ఉంది. ఈసారి దేవకి పుట్టిన రోజుకి ఎస్తేరమ్మ ఉత్తరంలో కొత్త కొలత పంపుతానంది.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక్కటే చెబుతాను. కొలతలు అడగకుండా గుడ్డ కత్తిరించకండి. వాళ్ళకి రాసే కవరులోనే దారం ముక్కలు పెట్టి పంపండి, ఏ పిల్లకి ఆ పిల్లకి ముడి వేసి, పేరు చీటీ కట్టి వాళ్ళే తిరిగి పంపుతారు. కుట్టేటప్పుడు కింద అంచు కనీసం నాలుగు వేళ్ళ వెడల్పు లోపలికి మడిచి వదలండి. పిల్లలు పెరుగుతారు.