పదిహేడో నంబరు కాగితం కింద

నాలుగు రోజులుగా నాకు కాలు నిలవడం లేదు పిల్లలూ. మీరు పుణె నుంచి పంపిన ఆ గ్రామఫోను రికార్డు ఫోటోని ఫోనులో పెద్దది చేసి చూస్తున్నాను, మూసేస్తున్నాను, మళ్ళీ తీస్తున్నాను. ఆ రికార్డు తాడేపల్లిగూడెంలో పాత రికార్డులు పోగుచేసే ఆయనకి దొరికిందట. తర్వాత అంత పేరు తెచ్చుకున్న ఇద్దరు గాయకులు ఎవరికీ తెలియని రోజుల్లో పాడిన పాటేనని, గొంతులు వాళ్ళవేగానీ రుజువు లేదని అంటున్నారు. పేర్లుండాల్సిన చోట గుండ్రటి కాగితం అంటించి ఉంది. దానిమీద సిరాతో పదిహేడు అంకె, కింద మా కొట్టు పేరు. ఆ రాత నాదే.

ఏలూరులో మా నాన్నకి, మేం అబ్బా అనేవాళ్ళం, మైకు సెట్ల కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి కొల్లేటి లంకల్లోకి మా పెట్టెలు పడవల మీద వెళ్ళేవి. మంచి పాట దొరికితే పక్క కొట్టువాళ్ళు పేరు చూసుకుని తెప్పించేసుకుంటారని అబ్బాకి ఒకటే భయం. అందుకని కొత్త రికార్డు రాగానే పేర్ల మీద కాగితం అంటించి అంకె వెయ్యడం, బడినుంచి వచ్చాక నా పని. మైదా ఉడికించిన లై వేళ్ళకి ఎండి పెళపెళలాడేది.

ఈ రికార్డు మద్రాసు నుంచి వచ్చిన ఏజెంటు ఊరికే ఇచ్చి వెళ్ళాడు. సినిమా పాట కాదు, నాట్ల పాటలాంటిది. లంకల్లో ఎంత నచ్చిందంటే, భోజనాల మధ్యలో పెద్దవాళ్ళు లేచొచ్చి, "ఏవండీ, ఆ పదిహేడు ఇంకోసారి వెయ్యండీ, అది లేందే మా పెళ్ళికొడుక్కి ముద్ద దిగట్లేదండీ" అని వేళాకోళమాడేవారట. పాడిందెవరని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం నాకప్పటికే వచ్చు. ఆ పేర్లు నా చేతికిందే ఉన్నాయి. నేనేమో కాగితం సరిపోయిందా లేదా అనే చూశాను.

ఇప్పుడా రికార్డులాయన అడుగుతున్నారు, కాగితం తడిపి ఒలిచెయ్యమంటారా అని. ఒలిస్తే ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి, కాగితం మాత్రం ముద్దైపోతుంది. అబ్బా పోయారు, కొట్టూ పోయింది, ఆ పేరున్న కాగితం ఇంకెక్కడా లేదు. "ఫోటో ఉందిగా నానమ్మా" అన్నారు మీరు. ఉందిలే. అయినా లేచి కూర్చుంటాను, వాకిట్లోకి వెళ్ళి ఊరికే వస్తాను.

పొద్దున్న ఒలిచెయ్యమన్నాను. మధ్యాహ్నానికి ఇంకో ఫోటో వచ్చింది. రెండు పేర్లూ ఉన్నాయి, అట్టడుగున, చీమల్లాంటి అక్షరాల్లో. మీరు ఫోనులో కేరింతలు కొడుతుంటే నాకూ సంతోషమే వేసింది, వేలు మాత్రం పాత ఫోటో మీదికే పోతోంది.

ఇప్పుడు ఏ పాటైనా మీ గుప్పెట్లోనే ఉంటుంది, ఎవరు పాడారో, ఎవరు రాశారో ముందే తెలిసిపోతుంది. బాగుంది. కానీ మా రోజుల్లో ఒక పాట వినాలంటే, అది ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి, వెయ్యండని అడగాల్సి వచ్చేది.