యజ్ఞనారాయణగారు విడమరిస్తే

మా యజ్ఞనారాయణగారికి ఒకటే జబ్బు. ఒకేలా వినిపించే రెండు ఇంగ్లీషు మాటలు ఎక్కడ దొరికినా వాటి తేడా విడమరచకుండా వదలరు. ఆయన చెప్పేదాకా మనకు తెలిసే ఉంటుంది. చెప్పాక తెలియదు.

స్టీల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరై, ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, రుఆబాంధా కాలనీలో మా పక్కింట్లో ఉంటున్నారు. ఓరోజు నేను స్టేషనరీ కొట్టుకు బయల్దేరితే గేటు దగ్గరే ఆపేశారు.

“ఏ స్టేషనరీ? రెండున్నాయి. ఒకటి కాగితాలూ కలాలూ. రెండోది కదలకుండా ఉండేది.”

“కాగితాలు కూడా కదలవు కదా బాబాయిగారూ?”

“ఫేను వేస్తే?”

నేనే కదలకుండా నిలబడిపోయాను. ఈలోగా కొట్టు కట్టేశారు.

ప్యాంటు లూజైందని దర్జీ దగ్గరికి వెళ్ళి, వదులుగా ఉండే లూస్‌కీ, పోగొట్టుకునే లూజ్‌కీ తేడా అరగంట చెప్పారట. “అంకుల్‌జీ, ఛోటా కర్నా హై, యా ఢూంఢ్‌నా హై?” అన్నాడట దర్జీ. ప్యాంటు చిన్నది చెయ్యాలో, పోయిందని వెతకాలో అతనికి ఇప్పటికీ తేలలేదు.

“నేనైతే పెళ్ళయిన కొత్తలోనే ఇంగ్లీషు మానీసేనమ్మా” అంటారు ఆయన భార్య అహల్యగారు.

కిందటి నెల మా పాప పుట్టినరోజుకి రైల్వేలో పనిచేసే హరినాథ్, అతని భార్య రజనీకుమారి వచ్చారు. పార్వతీపురం నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. “మీ ఆయనకి ఇవాళ డ్యూటీ లేదామ్మా?” అని ఎవరో అడిగారు.

“లేదండి. కేజువల్టీ పెట్టీసేరు.”

గది గొల్లుమంది. “అయ్యో, ఏ వార్డు?” అన్నారొకరు. హరినాథ్ మొహం ఎర్రబడింది. “రాని ఇంగ్లీషు నీకెందుకు?” అని కసిరాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్లేటు పక్కన పెట్టి గుమ్మం వైపు నడిచింది.

యజ్ఞనారాయణగారు లేచారు.

“నవ్వకండి. హరినాథ్, క్యాజువలంటే ఏటి?”

“తీరిగ్గా అనండి.”

“మరి క్యాజువల్టీకి తీరిగ్గా వెళ్తావా?”

“పరుగెత్తుకెళ్తాను.”

“తీరిక లేనివాడికి లీవెలా ఇచ్చేరు?”

“క్యాజువల్ లీవు కదండీ ఇచ్చింది!”

“కారణం చెప్పేవా?”

“చెప్పానండి.”

“అయితే అది కాజల్. కారణానికి సంబంధించింది.”

“కాజల్ కంటికి పెట్టుకునేది కదా బాబాయిగారూ?” అన్నాను నేను, బుద్ధిలేక.

“కంటికి దెబ్బ తగిలితే ఎక్కడికెళ్తాం?”

“క్యాజువల్‌కి!” అన్నారు నలుగురు ఒకేసారి. కాదు కాజల్‌కి అన్నారు ఇంకో ఇద్దరు. కేకు కోయడం ఆగిపోయింది. నవ్విన వాళ్ళంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు.

హరినాథ్ చేతులెత్తేశాడు. “ఆగండి. ఇవాళ నేను పెట్టింది క్యాజువల్టీ... కాదు, కాజల్...”

గుమ్మం దగ్గర రజనీకుమారి వెనక్కి తిరిగింది. “కేజువల్ లీవండీ” అంది మెల్లగా.

“అమ్మయ్య! ఈ గదిలో ఒక్కరికైనా తెలిసింది” అన్నారు యజ్ఞనారాయణగారు.

ఈసారి అందరికంటే గట్టిగా ఆ పిల్లే నవ్వింది. హరినాథ్ సిగ్గుపడుతూ పక్కకి జరిగి, ఆమె ప్లేటు తనే తీసి అందించాడు.

ఆయన వెళ్ళేటప్పుడు గుమ్మంలో అడిగాను. “బాబాయిగారూ, నిజం చెప్పండి. మీకు ఆ తేడా తెలుసు కదా? అర్థమయ్యేలా చెప్పొచ్చుగా?”

“అందరికీ అర్థమైపోతే మళ్ళీ ఆ పిల్లనే చూసి నవ్వరేటమ్మా?” అంటూ చెప్పులు తొడుక్కుని చకచకా వెళ్ళిపోయారు.

అవి మా ఆయనవి.