కుంకుమ పెట్టిన తకియా

మా అల్లుడు కొత్త కారు కొని మొదట నన్నే నడపమన్నాడు. డోరు తీయగానే కొత్త రెగ్జిన్ వాసన గుప్పుమంది. కూర్చున్నానో లేదో, సీటు పైనున్న తలదిండు నా తలను ముందుకు నెట్టింది. గడ్డం ఛాతీ వైపు వంగింది. ఈ కాలంలో దాన్ని తీయకూడదట, వెనకనుంచి ఎవరైనా గుద్దితే మెడను కాపాడేది అదేనట. సరే, తీయలేదు. సీటు వీపును కాస్త వెనక్కి వాల్చి, నడుము ఆనించుకుని, చెయ్యి చాపి మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందుతుందో లేదో చూసుకున్నాను. అల్లుడు నవ్వాడు. ఈ పద్ధతి నాకు నేర్పిన సాయన్న గురించి అతనికి తెలియదు.

డెబ్బైలలో నేను నాందేడ్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి లారీ నడిపేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ వయసు, అప్పటికే నడుంనొప్పి. సాయన్న మిల్లు యజమాని కారుకు డ్రైవరు. ధర్మాబాద్ అవతల బాబ్లీ అతని ఊరు. యజమానిని మేమంతా మాలక్ అనేవాళ్ళం. సాయన్న కారెక్కితే ఇంజను స్టార్టు చేయడానికే ఐదు నిమిషాలు పట్టేది. మడిచిన గొంగడి కింద వేసుకునేవాడు, లేచి మళ్ళీ సర్దేవాడు, క్లచ్ పూర్తిగా తొక్కి మోకాలు ఇంకా కొంచెం వంగి ఉందో లేదో చూసుకునేవాడు. పెళ్ళిపీటల మీద కూర్చుంటున్నావా అని మేం ఆటపట్టించేవాళ్ళం. ఒకరోజు నేను నడుం పట్టుకుని లారీ దిగుతుంటే చూసి, మళ్ళీ ఎక్కించి కూర్చోబెట్టాడు.

"నడుముకు సీటుకు నడుమ సందు ఉండద్దురా గంగారాం. నెత్తిమీద బిందె పెట్టుకొని పోయే ఆడిమనిషిని చూసినవా? ఆమె మెడ ఎట్లుంటది? గట్లుండాలె. బండి నిన్ను మోయాలె, నువ్వు బండిని మోయద్దు."

నెల తిరిగేసరికి నా నొప్పి పోయింది. అన్నం పెట్టినవాళ్ళను తలుచుకుంటాం గానీ, సరిగ్గా కూర్చోవడం నేర్పినవాణ్ణి ఎవరు తలుచుకుంటారు? నేను తలుచుకుంటాను.

ఒక దసరాకు మాలక్ బొంబాయి నుంచి నాలుగు తలదిండ్లు తెప్పించాడు. మేం వాటిని తకియాలు అనేవాళ్ళం. ఊళ్ళో ఇంకెవరి కారుకూ అలాంటివి లేవు. సీటు వీపుకు ఇనుప కడ్డీలతో, ఒక్కోదానికి రెండేసి బోల్టులతో బిగించారు. బండ్ల పూజలో మాలక్ తల్లి (మాకందరికీ ఆమె ఆయీ) చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బంతిపూల దండ వేసి, నాలుగు తకియాలకూ స్వయంగా పసుపు కుంకుమ పెట్టింది. మా దగ్గర పెద్దల చేత్తో కుంకుమ పడ్డ వస్తువును ఊడదీయడమంటే వాళ్ళ చావు కోరినట్టే. ఆ సాయంత్రం సాయన్న కారులో కూర్చుంటే దొంగతనంలో దొరికినవాడిలా తల వంగిపోయి ఉంది. గొంగడి తీసి చూశాడు, రెండు మడతలు వేసి చూశాడు. ఎట్లా కూర్చున్నా ఆ దిండు మెడను వదల్లేదు.

సంక్రాంతి వెళ్ళేసరికి అతని కుడిచేతి వేళ్ళకు తిమ్మిరి మొదలైంది. టీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుంటున్నాడు. ఆ దిండు బోల్టులు విప్పేద్దామని నేను పానా తీసుకుని వెళ్ళాను.

"వద్దురా. ఆయీ కుంకుమ పెట్టింది."

"అయితే మాలక్‌కైన చెప్పు సాయన్నా."

"గంత ముచ్చటపడి తెప్పిచ్చిండు. నా మెడకు పడతలేదని ఏ నోటితోని చెప్పాలె?"

పోనీ నేనైనా చెప్పవచ్చు. మాలక్ రోజూ నా ముందునుంచే నడిచి వెళ్ళేవాడు. సాయన్న తర్వాత ఆ కారు నాకే ఇస్తారని మిల్లులో అనుకునేవారు, ఆ మాట నా చెవినా పడింది. అందుకే నోరు మూసుకున్నానా, భయపడ్డానా అంటే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. సిగ్గు మాత్రం ఉంది.

ఎండాకాలం మొదట్లో, మాలక్‌ను తీసుకుని ధర్మాబాద్ నుంచి వస్తుంటే ముద్ఖేడ్ దాటాక మలుపులో సాయన్న చెయ్యి స్టీరింగ్ మీదే చచ్చుబడింది. కారు పక్క కాలవలోకి దిగి వంతెన గోడకు గుద్దుకుంది. మాలక్‌కు మోచెయ్యి చీరుకుపోయింది. సాయన్నకు రెండు చేతులూ పడిపోయాయి. మెడఎముక చాలాకాలంగా నరాన్ని నొక్కుతోందని, ఈ దెబ్బతో పని పూర్తయిందని డాక్టరు చెప్పాడు. అంతా తకియా వల్లేనా అంటే ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. మాలక్ రోజూ ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు.

కారు బాగై వచ్చింది. తాళాలు నాకిచ్చారు. మొదటిరోజు కూర్చోగానే తల ముందుకు వంగింది. దిగి, పానా తెచ్చి, రెండు బోల్టులు విప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. సాయన్న కోసం ముందే రావలసిన ధైర్యం నా మెడ నొచ్చినప్పుడు వచ్చింది.

మాలక్ వచ్చి చూశాడు. "తకియ ఏమైంది?"

"మెడ నొస్తున్నది మాలక్. తీసిన."

ఆయన తన మెడ వెనక చెయ్యి వేసుకున్నాడు. "ఎన్కది నాదిగూడ తియ్యి. పెట్టిన కాడ్నుంచి నాకూ నొస్తనే ఉన్నది. ఆయీ కుంకుమ పెట్టిందని ఊకున్న."

ఆ మధ్యాహ్నం ఆయీ అదే కారులో బంధువుల ఇంటికి వెళ్ళింది. రెండు తకియాలు లేవన్న సంగతే గమనించలేదు.

ఆ ఆదివారం బాబ్లీ వెళ్ళాను. సాయన్న అరుగు మీద ఉన్నాడు. అతని భార్య లక్ష్మవ్వ వదిన చొక్కా గుండీలు పెడుతోంది, ఆమె చేతులతో పాటు నోరూ ఆడుతోంది. "అడగంది అమ్మ గూడ పెట్టదంటరు. ఒక్కమాట అడిగితే నోటి ముత్యాలు రాలుతుండెనా?" రోజూ ఇదే మాటట. సాయన్న తల దించుకుని విన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"తకియ తీసినవంట గద. మాలక్ ఏమన్నడు?"

నిజం నా నాలుక మీదే ఉంది. అతని చేతులు ఒళ్ళో రెండు ఖాళీ సంచుల్లా పడి ఉన్నాయి.

"మస్తు తిట్టిండు సాయన్నా. జర్రంతల నౌకరి పోతుండె."

అతని ముఖం తేటపడింది. భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? నేను అడిగితే ఊకుంటుండెనా?" ఆమె చివరి గుండీ పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ రోజు తర్వాత ఆమె అతన్ని ఆ మాట అనలేదట.

మూడేళ్ళకు సాయన్న పోయాడు. నా బండి ఎవరెక్కినా మెడ సరిగ్గా ఉందా అని అడుగుతాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఎన్నాళ్ళకో మాలక్ పోతే మిల్లులో పనిచేసినవాళ్ళ ఇళ్ళనుంచి అందరూ వచ్చారు. లక్ష్మవ్వ వదిన రాలేదు. నా మొగుని చేతులు తిన్నోడిని నేనెందుకు చూడాలె అన్నదట. ఆ మాట విని కూడా నేను నోరు విప్పలేదు.